గర్భనిరోధౌషధముల మంచిచెడ్డలు



నేటి ప్రసంగవిషయము పేరు వినగానే "ఇది ఆడువారి గొడవ, మనకేల?" యని అరుగుమీదినుండి లేవబోవు పెద్దలు కొందరుందురని నేనెఱుగుదును. దయచేసి కూర్చుండుడు. మీ యింటి కోడలు ఏ మందు తినుచున్నదో, ఆ మందు ఆమె యొడలిలో నేమి చేయుచున్నదో, బాధ కలిగినప్పుడు ఆమె నోరువిప్పి మీకు చెప్పుకొనగలదో లేదో, ఈ మూడును మీ యింటి సంగతులే గాని పరుల సంగతులు కావు. నేను చిరకాలము పల్లెపట్టులలో వైద్యురాలిగా పనిచేసితిని. ఆ యనుభవమునుబట్టి తెలిసిన నాలుగు మాటలు మీతో మనవి చేయుచున్నాను.

మొదట నా తప్పొకటి చెప్పుకొందును. నేను ఉద్యోగమున చేరిన తొలిదినములలో, నాట్లకాలమున, ముప్పది దాటిన యిల్లాలొకతె ఎడమకాలి పిక్క పట్టినదని ఆసుపత్రికి వచ్చెను. ప్రక్కనే అత్తగారు నిలిచియుండెను. ప్రొద్దస్తమానము బురదలో వంగి పనిచేయువారికి పిక్కనొప్పి మామూలేయని తలచి, నొప్పిబిళ్ళలు నాలుగిచ్చి పంపివేసితిని. ఐదవనాడు ఆమెను బండిమీద తెచ్చిరి. కాలు తొడవఱకు వాచియున్నది. ఊపిరి తీసినప్పుడెల్ల రొమ్మున పోటు. కాలి నరములో గడ్డకట్టిన నెత్తుటి తునుక ఊపిరితిత్తులకు చేరినదని గ్రహించి వెంటనే పట్టణమునకు పంపితిమి. ఆయువు గట్టిదగుటచే బ్రతికినది.

కొన్నినెలల తరువాత ఆమె ఒంటరిగా వచ్చి నాతో నన్న మాట నేటికిని నా చెవులలో నున్నది. "పిల్లలు పుట్టకుండా మూణ్ణెల్లుగా బిళ్ళలు మింగుతున్నానమ్మా. మీరు అడగలేదు. అత్తమ్మ ముందర నేను చెప్పలేకపోయాను." అడుగవలసినదానను నేను అడుగలేదు, చెప్పవలసినది ఆమె చెప్పలేదు. ఈ రెండు మౌనముల నడుమ నొక ప్రాణము పోవలసినంత పనియైనది.

అట్లని ఆ మాత్ర విషమని చెప్పుటకు నేను రాలేదు. దానికి సరిగా ఎదురైన మఱియొక సంగతియు చూచితిని. వేఱొక ఇల్లాలికి మాత్ర మొదలిడిన పదిదినములకు కడుపులో వికారము పుట్టెను. "ఆ బిళ్ళలు తింటే కడుపులో గడ్డలు లేస్తాయి" అని ఇరుగుపొరుగు భయపెట్టగా నడుమనే మానివేసెను. దానికి బదులుగా వేఱొక యుపాయమేదియు పట్టలేదు. నాలుగవసారి గర్భము నిలిచినది. ఒంట నెత్తురు లేని ఆ మనిషి ఆ కాన్పులో పడిన కష్టము చెప్పనలవి కాదు. ఒకరిని నిర్లక్ష్యము చెఱిచినది. ఒకరిని భయము చెఱిచినది. రెంటికిని మందొక్కటే: ఉన్నదున్నట్లు తెలియుట.

ఇక మాత్ర పనిచేయు విధము చెప్పెదను. మన శరీరమందలి కొన్ని గ్రంథులు నెత్తుటిలోనికి విడుచు రసములకు హార్మోనులని పేరు. స్త్రీకి నెలకొకమాఱు అండము విడుదలయగుటయు, గర్భము నిలువనపుడు ముట్టు వచ్చుటయు, ఈ రసముల హెచ్చుతగ్గులచేతనే జరుగును. ఈస్ట్రోజెను, ప్రొజెస్టోజెను అనునవి అందు ముఖ్యమైనవి. ఈ రెంటిని పోలిన మందులను మాత్రలో నుంచుదురు. అవి దినదినము ఒంటబట్టుచుండగా అండము విడుదల కాదు. గర్భాశయద్వారమందలి జిగురు చిక్కబడి పురుషబీజమును లోనికి పోనీయదు. ప్రభుత్వము ఉచితముగ నిచ్చు మాలా-ఎన్ అట్టలో 28 బిళ్ళలుండును. అందు 21 ఈ మందు గలవి. తక్కిన 7 ఇనుపధాతువు గలవి. ఒక్కనాడును తప్పక వేసికొన్నచో ఏడాదిలో నూఱుగురిలో ఒక్కరికైనను గర్భము నిలుచుట అరుదు. మఱపును జాప్యమును కలుపుకొనిన లోకవ్యవహారములో నూటికి సుమారు 7 గురికి నిలుచును.

నెత్తురు నడినెత్తినుండి అరికాలివఱకు పాఱును గదా. దానిలో కలిసిన మందు గర్భాశయమునకు మాత్రమే పోయి యూరకుండదు. పొట్టకును, తలకును, రొమ్ములకును, మనస్సునకును దాని సెగ కొంత తగులును. ముఖ్యముగ ఈస్ట్రోజెను నెత్తురు గడ్డకట్టు గుణమును కొంచెము హెచ్చించును. నా యొద్దకు వచ్చిన ఆ యిల్లాలికి జరిగినదదియే.

ఈ సంగతి లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టినది. తెలిసిన విధము గూడ మీరు వినదగినది. 1956లో అమెరికా యేలుబడిలోని ప్యూర్టోరికో ద్వీపమున బీదస్త్రీలపై ఈ మాత్రను పెద్దయెత్తున పరీక్షించిరి. ఇది ఇంకను పరీక్షలోనున్న మందని వారికి సరిగా తెలుపలేదు. అచట ఆ పనిని నడపిన వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే, మాత్ర గర్భమును నిరోధించుటలో గట్టిదేయైనను నూటికి 17 మందికి తలతిరుగుడు, వాంతి, తలనొప్పి మొదలగు బాధలు కలుగుచున్నవనియు, ఇది అందఱికి తగినది కాదనియు వ్రాసి పంపెను. మందును కనిపెట్టిన పెద్దలు ఆ బాధలు చాలవఱకు మనోభ్రాంతియని త్రోసివైచిరి. 1960లో అమెరికా ప్రభుత్వము మాత్రను గర్భనిరోధమునకు అమ్ముట కనుమతించెను.

పది సంవత్సరములు గడచినవి. 1970లో అమెరికా సెనేటులో మాత్రవలని హానినిగూర్చి విచారణ జరిగెను. వైద్యులు, శాస్త్రజ్ఞులు వరుసగా సాక్ష్యమిచ్చిరి గాని, మాత్ర మ్రింగిన స్త్రీలను సాక్షులుగా పిలువలేదు. ప్రేక్షకులలో గూర్చున్న యువతులు కొందరు లేచి "మా శరీరములను గూర్చిన విచారణలో మమ్మడుగరేమి?" యను భావముతో గట్టిగా ప్రశ్నించిరి. ఆ కలకలముయొక్క ఫలముగా, మాత్రవలన కలుగదగిన హానిని తెలుపు కాగితమును అట్టతోపాటు స్త్రీచేతి కీయవలెనను నిబంధన ఆ యేడే పుట్టినది. మందు మోతాదును క్రమముగ తగ్గినది. తొలి మాత్రలో ఈస్ట్రోజెను పాలు 150 మైక్రోగ్రాములుండగా, నేటి మాలా-ఎన్ బిళ్ళలో నున్నది 30 మాత్రమే. బాధ చెప్పుకొన్న స్త్రీల మాట వినుటవలననే మందు మెఱుగైనదని దీనివలన తెలియుచున్నది.

ఇది దూరదేశపు కథయని యనుకొనవలదు. 1985లో హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువు ఆరోగ్యకేంద్రమున, రెండునెలల కొకమాఱు పొడుచు నెట్-ఎన్ అను గర్భనిరోధక సూదిమందును స్త్రీలపై పరీక్షించుట జరిగెను. అది పరీక్షయనియు, దానివలన ఇట్టియిట్టి బాధలు కలుగవచ్చుననియు వచ్చిన స్త్రీలకు తెలియలేదు. స్త్రీశక్తి సంఘటన యను హైదరాబాదు మహిళాసంస్థవారు అచటికి పోయి సంగతి వివరించగా, తెలిసికొన్నవారిలో పలువురు సూది వలదని వెనుదిరిగిరి. 1986లో ఆ సంస్థవారు మఱికొందరితో కలిసి సుప్రీముకోర్టులో వ్యాజ్యము వేసిరి. తెలిసిన పిమ్మట వలదనుటకు వారికి హక్కున్నది. తెలిసియు కావలెననుటకును అంతే హక్కున్నది. తెలియనీయకుండుటయే తప్పు.

ఇప్పుడు బాధలను రెండు తెగలుగా విడదీసి చెప్పెదను. ఇది కొంచెము జ్ఞాపకముంచుకొనుడు.

మొదటి తెగ: ఇబ్బందియే గాని ప్రమాదము కానివి. మాత్ర మొదలిడిన రెండుమూడు నెలలు కడుపులో వికారము, తలనొప్పి, రొమ్ముల సలుపు, నడుమనడుమ నెత్తుటి చుక్కలు కనబడుట కలుగవచ్చును. ఇవి పలువురికి మూడునెలలలో తగ్గిపోవును. రాత్రి భోజనానంతరము వేసికొన్నచో వికారము కొంత తగ్గును. కొందరికి మనసు దిగులుగా నుండును. అది వట్టి భ్రమయని కొట్టివేయరాదు. దిగులు నిలిచిపోయినచో వైద్యునకు చెప్పి మందు మార్చుకొనవలెను.

రెండవ తెగ: ఒక్కనాడైనను ఆలసింపరానివి. ఒక కాలి పిక్కలో నొప్పితో వాపు, రొమ్మున పోటు లేక ఎగయూపిరి, మునుపెన్నడు నెఱుగని తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబాఱుట లేక మాట తడబడుట, కడుపులో విపరీతమైన నొప్పి. ఈ యైదింటిలో ఏది కనబడినను మాత్ర మాని, ఆ దినమే ఆసుపత్రికి పోయి, "నేను గర్భము రాకుండుటకు మాత్ర తినుచున్నాను" అని మొదటి మాటగా చెప్పవలెను.

ఈ ప్రమాద మెంతమందికి? మాత్ర తినని, గర్భిణులు కాని స్త్రీలు పదివేలమందిని తీసికొన్నచో, ఏడాదిలో ఇద్దరికి నరములలో నెత్తురు గడ్డకట్టును. మన మాలా-ఎన్‌లో నున్న లెవోనార్జెస్ట్రెల్ జాతి మాత్ర తినువారిలో పదివేలకు 5 మొదలు 7 గురికి కట్టును. క్రొత్తరకము మాత్రలు కొన్నిటిలో 9 మొదలు 12 మందికి కట్టును. గర్భము ధరించినప్పుడును, కాన్పైన తొలివారములలోను ఈ యపాయము మాత్రవలని దానికంటె హెచ్చు. కావున మాత్ర ప్రమాదము అరుదైనదే. కాని ఆ యరుదైనది ఎవరి యింటికి వచ్చునో ముందుగా తెలియదు గనుక గుర్తులు తెలిసియుండవలెను. క్యాన్సరు మాటయు నడుగుదురు. మాత్ర తినుకాలమున రొమ్ము క్యాన్సరు అవకాశము స్వల్పముగ పెరుగును. మానిన కొన్నియేండ్లకు ఆ పెరుగుదల పోవును. అండాశయ, గర్భాశయపు పొర క్యాన్సరుల అవకాశము మాత్రవలన తగ్గును. తక్కెడకు రెండు సిబ్బెలున్నవి. రెంటిని చూచియే తూచవలెను.

మాత్ర అసలే తగనివారు కొందరు గలరు. నెత్తుటి పోటు గలవారు, మునుపు నెత్తురు గడ్డకట్టిన జబ్బు గాని పక్షవాతము గాని వచ్చినవారు, కండ్లముందు మెఱపులు తోచి పిమ్మట పార్శ్వపునొప్పి వచ్చువారు, రొమ్ము క్యాన్సరు గలవారు, కాలేయపు జబ్బు ముదిరినవారు, 35 యేండ్లు దాటి చుట్టయో బీడీయో కాల్చువారు దీనిని తినరాదు. చంటిబిడ్డకు పాలిచ్చు తల్లి ఆఱునెలలు నిండువఱకు ఈ జోడుమందు మాత్ర మొదలిడరాదు. క్షయవ్యాధికిచ్చు రిఫాంపిసిన్, మూర్ఛకిచ్చు కొన్ని మందులు మాత్ర శక్తిని తగ్గించును. మాత్ర తినుచుండగనే గర్భము నిలువవచ్చును. రక్తపుపోటు చూడకుండ, ఈ ప్రశ్నలడుగకుండ, అంగడిలో కొనితెచ్చి యిచ్చుట సరికాదు.

సూదిమందు మాటకు వత్తము. అంతర యను పేర ప్రభుత్వ ఆసుపత్రులలో 2017 నుండి ఇచ్చుచున్న సూది మూడునెలల కొకమాఱు వేయించుకొనవలసినది. ఇందు ఈస్ట్రోజెను లేదు గనుక పాలిచ్చు తల్లులు కాన్పైన ఆఱువారముల పిమ్మట వేయించుకొనవచ్చును. దీనివలన తొలినెలలలో ముట్టు గతి తప్పును. ఏడాది గడచుసరికి ఇంచుమించు సగముమందికి ముట్టు నిలిచిపోవును. "చెడునెత్తురు లోపల పేరుకొనుచున్నది" అని పెద్దలు భయపడుదురు. అట్లు పేరుకొనదు. గర్భాశయపు పొర పలుచనగుటచే రాలవలసినదే లేకపోవుచున్నది, అంతే. అయితే నిజమైన లోపములును గలవు. కొందరు బరువెక్కుదురు. ఎముకల గట్టిదనము కొంత తగ్గి, సూది మానిన పిమ్మట చాలవఱకు మరల వచ్చును. కడపటి సూది వేసిన తరువాత మరల గర్భము నిలుచుటకు సుమారు 7 మొదలు 10 నెలలు పట్టవచ్చును. మాత్ర పడకున్న ఱేపే మానవచ్చును. పొడిచిన సూదిని వెనుకకు తీయలేము. కావున సూదికి ముందే ఈ సంగతులన్నియు చెప్పవలెను.

హార్మోను వలదనువారికి వేఱు దారులున్నవి. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనాలయమువారు కనిపెట్టిన మాత్ర ఒకటి 1991లో సహేలి యను పేర వెలువడి, నేడు ఛాయ యను పేర ఉచితముగ దొరకుచున్నది. దానిని మొదటి మూడునెలలు వారమునకు రెండుమాఱులు, పిమ్మట వారమున కొకమాఱు వేసికొందురు. అందు హార్మోనులు లేవు. ముట్టు ఆలస్యమగుట యొక్కటి తఱచు కనబడును. రాగితీగ చుట్టిన కాపర్-టి ఒకరకము పదియేండ్లు పనిచేయును. తొలినెలలలో ముట్టు నెత్తురును నొప్పియు హెచ్చును గనుక రక్తహీనత గలవారు ఆలోచించుకొనవలెను. నిరోధ్ తొడుగు పురుషుడు వాడునది. సుఖవ్యాధులనుండి కాపాడుటయు దాని గుణమే. కలయిక జరిగిన 72 గంటలలోపల మ్రింగు అత్యవసరపు మాత్ర ఆపదకు మాత్రమే. దానిని నెలనెల వాడుకగా చేసికొనరాదు.

ఇన్ని దారులుండగా మన సీమలో జరుగుచున్నదేమి? 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేను చూడుడు. ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 యేండ్ల వివాహితలలో నూటికి సుమారు 70 మంది గర్భనాళముల శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. తెలంగాణమున సుమారు 62 మంది. ఆంధ్రప్రదేశమున మాత్ర తినువారు నూటికి ఒక్కరు కూడ లేరు. పురుషులు శస్త్రచికిత్స చేయించుకొన్న దంపతుల లెక్కయు నూటికి ఒకటి లేదు. మగవాని శస్త్రచికిత్స ఆడుదాని దానికంటె తేలిక, కడుపు కోయనక్కఱలేదు, పాటుపడు శక్తిగాని మగతనముగాని తగ్గదు. మూడునెలలు మాత్రము వేఱు జాగ్రత్త పాటింపవలెను. ఐనను "మగవాడు కష్టపడువాడు" అను మాట యొకటి అడ్డువచ్చుచున్నది. నాట్లు వేయు ఆ యిల్లాలు కష్టపడునది కాదా?

శస్త్రచికిత్స చెడ్డదని నేననుట లేదు. ఇక బిడ్డలు వలదని తెలిసి నిశ్చయించుకొన్న స్త్రీకి అది మంచి మార్గమే. కాని మన బాలికలలో పలువురు చిన్ననాటనే పెండ్లాడి, వెంటవెంట ఇద్దరిని కని, ఇతరోపాయము లున్నవన్న మాట యెవ్వరును చెప్పకయే, మరల తిప్పరాని దానికి పోవుచున్నారు. ఒకే ద్వారము తెఱచి యుంచి "నీ యిష్టము" అనుట ఎన్నిక కానేరదు. బిడ్డకు బిడ్డకు ఎడముండవలెనన్న మాత్రకో, ఛాయకో, సూదికో, కాపర్-టికో, తొడుగుకో పోవలెను. వాని మంచిచెడ్డలు ముందుగా తెలిసియుండవలెను.

పెద్దలారా, మీనుండి నేను కోరునవి మూడు.

మొదటిది: కోడలినిగాని కూతురినిగాని ఆసుపత్రికి తీసికొనిపోయినప్పుడు, కొంతసేపు ఆమెను వైద్యురాలితో ఒంటరిగా నుండనిండు. మీపై గౌరవముచేతనే ఆమె మీ యెదుట కొన్ని మాటలు చెప్పలేదు.

రెండవది: ఆమె బాధ చెప్పుకొన్నప్పుడు "అది మామూలే, మేము పడలేదా?" యనకుడు. మామూలగునది యేదో కానిది యేదో తేల్చుటకు చదువుకొన్న నేనే తప్పితిని. పైన చెప్పిన యైదు గుర్తులలో ఏదైనను ఉన్నదేమో యడుగుడు.

మూడవది: వికారము పుట్టినదని భయపెట్టి నడుమ మాన్పింపకుడు. మానదలచినచో మానునాడే వేఱొక యుపాయము పట్టవలెను. ఏది పట్టవలెనన్నది ఆమె భర్తతో ఆలోచించి తేల్చుకొనవలసినది. కడపటి మాట, ఎవరి యొడలిలో మందు దిగునో వారిది.

పిక్కనొప్పితో వచ్చిన ఆ యిల్లాలు పోయిన పిమ్మట, నా యొద్దకు వచ్చిన ప్రతి స్త్రీని, తక్కినవారిని బయట కూర్చుండుడని చెప్పి, "గర్భము రాకుండుటకు ఏమైన వాడుచున్నావా అమ్మా?" యని యడుగుట అలవాటు చేసికొంటిని. మొదట సిగ్గుపడుదురు. పిమ్మట మెల్లగా చెప్పుదురు. ఆ చెప్పుకొను ధైర్యము ఆసుపత్రిలో కాక మీ యింటనే ఆమెకు దొరకినచో, నావంటి వైద్యుల పని సగము తీరును.

ఇంతటితో విరమించుచున్నాను. సెలవు.